బావ పెట్టెలో ప్రాగ్‌కు పోయిన నేను

మా బావ ప్రాగ్ నగరానికి బయలుదేరిన రోజు నాందేడ్ స్టేషన్లో ఆయన మెడలో మొదటి దండ వేసింది నేనే. బావ అంటే నా భర్తకు అన్న. నాందేడ్‌లోనే వజీరాబాద్ బజారులో ఫోటో స్టూడియో ఆయనది. ఊళ్ళో ఫోటోగ్రాఫర్లంతా వచ్చారు, మరాఠీ బడి మాస్తర్లు వచ్చారు, బ్యాండు వాళ్ళు కూడా వచ్చారు. ఆయన తల వంచి దండ వేయించుకుని, "ఇల్లు జర చూస్కో" అన్నాడు.

"ఫికరు చెయ్యకున్రి బావా, మంచిగ పోయిరాన్రి" అన్నాను.

మనసారా అన్నాను. ఆయన క్షేమంగా ఆ ఊరు చేరాలనీ, ఆయన పెట్టెకు దారిలో ఏ ఆపదా రాకూడదనీ మాహూర్ రేణుకమ్మకు మొక్కుకున్నాను కూడా. ఆ పెట్టె చేరకపోతే నా ఆరు నెలల కష్టం గంగలో పోసినట్టే.

నేను పుట్టింది ఉమ్రిలో. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో ఉర్దూ. పెళ్ళయి నాందేడ్ వచ్చేసరికి అత్తవారి ఇల్లూ స్టూడియో ఒకే కట్టడం. కింద దుకాణం, పైన కాపురం. బావ ఫోటోలు తీసేవాడు. మా ఆయన చీకటిగదిలో ఫిల్ములు కడిగేవాడు. నేనూ, బావ భార్య అయిన మా యారాలూ పైన వంట చేసేవాళ్ళం. అంతవరకే అయితే నా కథ ఏమీ ఉండేది కాదు.

అప్పట్లో చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు పరాయి మగవాడి ముందుకు వచ్చి ఫోటో దిగేవాళ్ళు కాదు. పెళ్ళి సంబంధానికి పిల్ల ఫోటో కావాలంటే ఆ ఇళ్ళవాళ్ళు తల పట్టుకునేవాళ్ళు. అది చూసి బావకు ఒక ఆలోచన వచ్చింది. పాత కెమెరా ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. నడుము దగ్గర పట్టుకుని, పైనుంచి వంగి అద్దంలోకి చూసి తీసే పెట్టె కెమెరా అది. ఎండ ఎటు ఉండాలో, ఎంత దూరంలో నిలబడాలో నేర్పాడు. బాగానే నేర్పాడు, అబద్ధం ఎందుకు చెప్పాలి. అప్పటినుంచి ఇత్వారా గల్లీల్లో, మార్వాడీల ఇళ్ళలో, పరదా ఉన్న ఇళ్ళలో ఆడవాళ్ళ ఫోటోలన్నీ నేనే తీశాను. మరాఠీ వాళ్ళు వదినా అన్నట్టు 'వహినీ' అని పిలిచేవాళ్ళు, ముస్లింల ఇళ్ళలో అక్కా అన్నట్టు 'బాజీ' అనేవాళ్ళు.

ఆ కెమెరాను కళ్ళకు ఆనించి పట్టుకోనక్కరలేదు. అందుకే ఎదుటి మనిషికి నేను తల వంచుకుని నిలబడ్డట్టు కనిపిస్తాను. నా ముందు వాళ్ళకు బెరుకు ఉండేది కాదు. అడిగిన ఫోటో అయిపోయాక రీల్లో ఒకటో రెండో మిగిలేవి. అవి నావి. పెళ్ళికూతురి ఫోటో తీసి, ఆ తర్వాత ఆమె తల్లి వంటింట్లో ఒక్కతే కూర్చుని నీళ్ళు తాగుతుంటే తీసేదాన్ని. మోంఢా అనే ధాన్యం బజారులో జొన్నలు చెరిగే ముసలామె చేతులు తీసేదాన్ని. మా ఆయన వాటిని కడిగి, చిన్న ప్రింట్లు వేసి, నా బట్టల పెట్టె మీద పెట్టేవాడు. నెగెటివులు మాత్రం మిగతావాటితో పాటు బావ బీరువాలోకి పోయేవి.

ఇత్వారాలో ఒక ఇల్లుండేది. ఆ ఇంటి నానమ్మకు నేనంటే ప్రేమ. ఒకనాడు మనవరాలు తలంటుకుని లోబాన్ సాంబ్రాణి పొగ మీద జుట్టు ఆరబెట్టుకుంటుంటే, ఆ ముసలమ్మ బోసినోటితో ఏదో మోటు మాట అని పగలబడి నవ్వింది. ఆ నవ్వు తీశాను. "కడిగే మా ఆయన తప్ప ఏ మొగవాళ్ళ కంటా పడనివ్వను" అని ఆమె చెయ్యి పట్టుకుని మాట ఇచ్చాను. అది నేను తీసినవాటిలో అన్నిటికన్నా మంచి ఫోటో.

కొన్ని నెలల తర్వాత బావకు సన్మానమన్నారు. ప్రాగ్ నగరంలో ఫోటోగ్రాఫర్ల కోసం ఒక ఇల్లుందట. దేశదేశాల నుంచి కొందరిని ఎంచి పిలిచి, ఒక చలికాలమంతా అక్కడే ఉంచుకుని, తిండీ గదీ చీకటిగదీ ఇచ్చి పని చేసుకోమంటారట. నాందేడ్ నుంచి ఒక మనిషికి ఆ పిలుపు రావడం ఊరికి పండగే. నేనూ యారాలూ పట్టుచీరలు కట్టుకుని వెళ్ళాం. హాల్లో అడుగుపెట్టేసరికి గోడల నిండా ఫోటోలు. ఆయనను ఎంపిక చేయించిన ఫోటోలని కింద రాసి ఉంది.

అన్నీ నావే.

జొన్నలు చెరిగే చేతులు. నీళ్ళు తాగే తల్లి. మధ్యలో అన్నిటికన్నా పెద్దదిగా, జుట్టు విరబోసుకున్న ఆ పిల్లా, నవ్వుతున్న నానమ్మా. దాని ముందు ఊరి మగవాళ్ళు గుంపు కట్టి నిలబడ్డారు. "వాహ్" అంటున్నారు. ఒకడు ఆ పిల్ల జుట్టు వైపు వేలు పెట్టి పక్కవాడికి చూపిస్తున్నాడు. యారాలు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

ఇంటికొచ్చాక మా ఆయనను అడిగాను. "ఊకో" అన్నాడు ఆయన. "ఇంట్ల మాట బజార్ల పడొద్దు."

మర్నాడు బావ దుకాణం తెరుస్తుంటే కిందికి వెళ్ళాను.

"బావా, అవి నేను తీసినయ్ గద?"

ఆయన తాళం తీయడం ఆపలేదు. "కెమెరా ఎవలది?"

"మీది."

"రీలు ఎవలది? నేర్పింది ఎవలు?"

ఆయన తాళం ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

"మరింకేంది? నువ్వు బటన్ ఒత్తినవ్. గంతే."

ఆ మాట అని లోపలికి పోయి చీపురు తీసుకున్నాడు. కోపంగా కూడా అనలేదు. కోపంగా అని ఉంటే బహుశా నేను ఏడ్చి ఊరుకునేదాన్ని.

ఆ వారమే ఇత్వారా ఇంటికి వెళ్ళాను. తలుపు సగమే తెరిచారు. ఆ ఇంటి కొడుకు సన్మానానికి వచ్చి తన తల్లినీ బిడ్డనూ గోడ మీద చూసుకున్నాడట. పిల్లకు కుదిరిన సంబంధం మీద మాట పడిందట. లోపల ఎవరో నన్ను తిడుతున్నారు. నానమ్మ మాత్రం గుమ్మం దాకా వచ్చింది. "తీసింది నువ్వు. అక్కడ పెట్టిందెవరు?" అని అడిగింది. చెప్పాను. ఆమె "ఛోడో నక్కో ఉసె" అని తలుపు వేసింది. వాణ్ణి వదలకు అని. నేను మెట్లు దిగుతూ ఆ మాటే అనుకుంటూ వచ్చాను. వదలను.

ఎట్లా వదలకూడదో తెలియలేదు, అంతే. నెగెటివులు ఆయన బీరువాలో ఉన్నాయి. ఊరంతా ఆయన వైపు ఉంది. కోడలు లేచి అరిస్తే ఎవరు వింటారు? రోజూ ఆయనకు అన్నం వడ్డించేదాన్ని. ఇంకొంచెం వేయమంటే వేసేదాన్ని. వడ్డిస్తూ ఆయన నడినెత్తి వైపు చూసేదాన్ని.

దారి ఆయనే చూపించాడు. ఒక మధ్యాహ్నం వంటింటి గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు.

"ఆడికి పోయినంక పెద్ద ఎగ్జిబిషన్ పెట్టాలంట. గిసుంటియే కొత్తయి కావాలె. నెగెటివులు తీస్కపోతే ఆణ్నే పెద్దగ ప్రింట్లు ఏస్కోవచ్చంట. చలికాలం దాక టైముంది. జర తీసిపెట్టు."

సిగ్గుపడుతూ అడగలేదు. ఉప్పు అడిగినట్టు అడిగాడు. నేను పిండి చేతులు కడుక్కుని అన్నాను:

"తీస్త బావా. కానీ ఈసారి ఇండ్లల్ల పోను. మాహూర్ పోత, ఉమ్రి పోత, సర్ఖని దాక పోత. మీరు రీళ్ళు ఇయ్యున్రి."

"గట్లనే పో" అన్నాడు. ఎంత మంచి మరదలు దొరికిందని అనుకుని ఉంటాడు.

బటన్ ఒత్తినదాన్ని ఆయనకు చూపించాలని ఆ క్షణాన నిశ్చయించుకున్నాను. ఆయనకే కాదు, ఆయన ఎవరి ముందు గొప్పగా నిలబడబోతున్నాడో వాళ్ళకు.

మొదట మాహూర్. యారాలు నాతో వచ్చింది, అమ్మవారి దర్శనానికని. ఆదిలాబాద్ వైపు నుంచి బండ్లు కట్టుకుని వచ్చిన ఆడవాళ్ళతో కొండదారి నిండిపోయి ఉంది. గాజుల దుకాణంలో గోడ పొడుగునా అద్దం ఉంది. ముగ్గురు ఆడవాళ్ళు చేతులు చాపి గాజులు వేయించుకుంటున్నారు. నేను వాళ్ళ వెనక నిలబడ్డాను. అద్దంలో ఆ ముగ్గురి ముఖాలూ, ఇద్దరి నడుమ సందులో నేనూ కనబడ్డాం. తల వంచి, నడుము దగ్గర కెమెరాతో. అటూ ఇటూ జరిగి, ఆ సందు సరిగ్గా మధ్యకు వచ్చేదాకా ఓపిక పట్టి తీశాను. నన్ను కోసేస్తే ఆ ముగ్గురిలో ఒకరి ముఖం పోవాలి. అట్లా కుదిరేదాకా తీయలేదు.

సర్ఖనిలో ఒకామె చేతులతో మట్టిగోడ అలుకుతోంది. ఎండ నా వీపు మీద ఉంది. తడిగోడ మీద నా నీడ పడింది, కొంగూ, బయటికి వచ్చిన మోచేతులూ, పెట్టె కెమెరా, అన్నీ స్పష్టంగా. ఆమె చెయ్యి నా నీడ భుజం మీదికి వచ్చినప్పుడు ఒత్తాను. ఉమ్రిలో రైలు ఆగినప్పుడు కిటికీ దగ్గర సీతాఫలాలు అమ్మే ఆమెను తీశాను. రైలు డబ్బా కిటికీ అద్దంలో ఆమె బుట్ట పైన నేనున్నాను. బావిగట్టున తోమి బోర్లించిన ఇత్తడి బిందెలు తీశాను. ప్రతి బిందె కడుపు మీదా నేనే. ఎవరి ఇంటి తలుపు లోపలా తీయలేదు. ఎవరికీ మాట ఇచ్చి తప్పలేదు. అందరినీ అడిగి, ఎండలో, నలుగురి మధ్య తీశాను.

ఆ పని చేస్తున్నంత కాలం నా ఒంట్లో ఒక జ్వరం లాంటిది ఉండేది. దాన్ని సంతోషం అంటే అబద్ధం. కానీ అంత శ్రద్ధగా నేను ఎన్నడూ ఫోటోలు తీయలేదు. నేనున్న చోటు కోస్తే బొమ్మ చచ్చిపోవాలి, కోయకపోతే ఆయన చచ్చిపోవాలి. అంతే లెక్క.

ఫిల్ములు కడిగేది మా ఆయన కదా. మొదటి రీలు ఆరబెట్టి బయటికి వచ్చి నన్ను చూశాడు. అన్నకు చెబితే అయిపోయింది. ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుని, "నీడ జర పొట్టిగ పడ్డది. ఎండ ఇంకింత దిగినంక తియ్యి" అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా పక్షాన ఆయన మాట్లాడిన మొదటి మాట అదే.

బావకు చూపించింది చిన్న ప్రింట్లు, నెగెటివు ఎంతో అంతే. అరచేతిలో సగం ఉండవు. అద్దంలో నేను గోరంత. బావకు చూపు తగ్గింది, కానీ కళ్ళజోడు పెట్టుకుంటే ముసలితనం కనబడుతుందని పెట్టుకునేవాడు కాదు. పేకముక్కల్లా తిరగేశాడు. గోడ అలికే ఆమె దగ్గర ఆగాడు.

"గీ గోడ మీద నల్లగేంది?"

"సాయంత్రం నీడ బావా. ఫారినోళ్ళకు నీడలంటె ఇష్టమని మీరే అంటిరి గద."

ఆయన ఎన్నడూ అనలేదు. కానీ అన్నట్టే తల ఊపాడు. "అవ్, అంటి. మంచిగున్నయ్" అని కవర్లో పెట్టాడు.

ఆ తర్వాతే స్టేషను, దండ, బ్యాండు.

చలికాలం మొత్తం ఉండాల్సిన మనిషి సంక్రాంతి కూడా రాకముందే వచ్చేశాడు. స్టేషనుకు ఎవరూ పోలేదు, ఎవరికీ చెప్పలేదు గనక. టాంగా దిగి, ఎవరి ముఖమూ చూడకుండా పైకి వెళ్ళి పడుకున్నాడు. మర్నాడు పొద్దున నేను చాయ్ పట్టుకెళ్తే, గ్లాసు తీసుకోకుండా లేచి నిలబడ్డాడు.

"ఇజ్జత్ తీసినవ్ గదనే!"

ఆ అరుపుకు మా ఆయన కిందినుంచి పరుగెత్తుకొచ్చాడు. యారాలు వంటింట్లోంచి వచ్చింది. బావ తమ్ముడికి చెబుతున్నట్టుగా, అరుస్తూ, అంతా తానే చెప్పాడు. నేను అడగనక్కర లేకపోయింది.

అక్కడి చీకటిగది చాలా పెద్దదట. అందరూ పక్కపక్కనే పని చేసుకుంటారట. తలుపంత కాగితాలు. ఆయన మొదటి కాగితం మందునీళ్ళలో వేశాడు. ఎర్రదీపం కింద గోడ తేలింది, అలికే చెయ్యి తేలింది, ఆ తర్వాత నా నీడ తేలింది. సరేలే అనుకుని గాజుల దుకాణం వేశాడు. ముగ్గురి ముఖాల నడుమ నా ముఖం వచ్చింది. ముక్కుపుల్ల మెరుపుతో సహా వచ్చింది. చేతిలో కెమెరా. చెమటలు పట్టి ఇంకొకటి వేశాడు, ఇంకొకటి వేశాడు. రైలు అద్దంలో మరదలు. బిందెల మీద మరదలు. పక్కన పని చేసేవాళ్ళు తమ పని వదిలి చుట్టూ చేరారట.

ఆ ఇంటిని నడిపే పెద్దావిడను ఎవరో పిలిచారు. హిందీ చదువుకున్న ఆ ఊరి పిల్ల ఒకతె ఒకరి మాట ఇంకొకరికి వాళ్ళ భాషలో చెప్పిందట. 'ఈమె ఎవరు?' అని ఆవిడ అడిగింది. 'నా మరదలు, నాకు చేతికింద ఉంటుంది' అన్నాడు. ఆవిడ ఒక్కో బొమ్మా మళ్ళీ చూసి అడిగిందట: 'కెమెరా ఈమె చేతిలో ఉంది. మరి మీరెక్కడున్నారు?'

బావ మళ్ళీ చీకటిగదిలోకి పోయాడట. రెండు రోజులు కూర్చుని నన్ను కత్తిరించబోయాడు. కత్తిరించినప్పుడల్లా బొమ్మలో సగం మనుషులు మిగిలారు. ఆ ఫోటోలు ఆయన పేరుతో గోడకు పెట్టలేమన్నారు. వెళ్ళగొట్టలేదు, తిండి పెట్టారు. అయితే భోజనం బల్ల దగ్గర ఆయన పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదట. మంచులో ట్రాములూ వంతెనలూ తీస్తూ తిరిగాడు. చూడమని ఎవరినీ అడగలేకపోయాడు. ఆఖరికి ఒంట్లో బాగాలేదని చెప్పి వచ్చేశాడు.

"ఎందుకు చేసినవ్ గిట్ల?" అన్నాడు.

చాయ్ గ్లాసు కింద పెట్టి చెప్పాను. "నేనేం చేసిన బావా? బటన్ ఒత్తిన. గంతే."

ఆయన చెయ్యి లేచింది. మా ఆయన అడ్డం వచ్చి నిలబడ్డాడు. అప్పుడు యారాలు మెల్లగా అంది: "పెట్టె సర్దేటప్పుడే నేను చూసిన. ఫోటోలన్నిట్ల మీ మరదలే ఉండె."

బావ తెల్లబోయి ఆమె వైపు తిరిగాడు. "చెప్పకపోతివి?"

"నన్నెవలు అడిగిన్రు?" అని ఆమె వంటింట్లోకి పోయింది. బియ్యంలో రాళ్ళేరిన కళ్ళు ఆమెవి. గోరంత బొమ్మ ఆమెకు దాగుతుందా!

నా పగ అక్కడితో తీరిపోయిందనుకుంటే పొరపాటు. బావ ఊళ్ళో ఏం చెప్పుకున్నాడు? మంచుకు ఫిల్ములు పాడైపోయాయని చెప్పుకున్నాడు. ఊరు నమ్మింది. అయ్యో అంది. ఆయన సన్మానపు శాలువా స్టూడియోలో గోడ మీద అట్లాగే ఉంది. ప్రాగ్ నుంచి నాకేదో పిలుపు వస్తుందని కొన్నాళ్ళు ఎదురుచూశాను, రాలేదు. వాళ్ళకు నేను అద్దంలో కనబడిన ఒక ఆడమనిషిని మాత్రమే.

అందుకని ఇక్కడే చేశాను. మా అమ్మ పెట్టిన కడియాలు అమ్మి కెమెరా కొన్నాను. మా ఆయన వారం రోజులు ఎటూ తేల్చుకోలేక తిరిగి, ఆఖరికి తన గుడ్డల మూట పట్టుకుని నా వెంట వచ్చాడు. వేరే బజార్లో తక్కువ కిరాయికి గది దొరికేది. నేను కావాలని బావ స్టూడియోకు సరిగ్గా ఎదురుగా, రోడ్డు అవతల తీసుకున్నాను. 'ఆడవాళ్ళ ఫోటోలు ఆడమనిషే తీస్తుంది' అని మరాఠీలో, ఉర్దూలో, తెలుగులో బోర్డు రాయించాను.

మొదటగా వచ్చింది ఇత్వారా నానమ్మ. పరదా కట్టిన టాంగాలో వచ్చింది. బావ బీరువాలోంచి ఆ నవ్వు నెగెటివును యారాలు అంతకుముందే తీసిచ్చింది. ముసలమ్మ చేతిలో పెట్టాను. ఆమె దాన్ని వెలుతురుకు ఎత్తి చూసుకుని, మనవరాలి పెళ్ళి జరిగిపోయిందని చెప్పి, రొంటిన దోపుకుంది. ఆమె వెనకే ఇత్వారా ఆడవాళ్ళు, వాళ్ళ వెనకే మార్వాడీల కోడళ్ళు. తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి. రెండేళ్ళు గడిచేసరికి బావ దగ్గరికి మగవాళ్ళ పాస్‌పోర్టు ఫోటోలు తప్ప ఏమీ వచ్చేవి కావు.

నా స్టూలు మీద కూర్చుంటే ఆయన కుర్చీ కనబడేది. ఆయన ఈగలు తోలుకుంటూ కూర్చోవడం చూసేదాన్ని. పాపం అనిపించలేదా అని నా సొంత అక్క అడిగింది ఒకసారి. లేదు. ఇప్పుడూ లేదు.

ఒకరోజు ఎండపొద్దున యారాలు రోడ్డు దాటి వచ్చింది. "నాది ఒక్కటి తియ్యి" అంది. ఫోటోగ్రాఫర్ పెళ్ళాం ఆమె. పెళ్ళినాటి ఫోటోలో భర్త పక్కన కూర్చున్నది తప్ప, ఒక్కతిదీ ఒక్క ఫోటో లేదు. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడి, రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని కెమెరా వైపు సూటిగా చూసింది. ఆ ఫోటోను ఆమెను అడిగే పెద్దగా వేయించి, నా షోకేసులో పెట్టాను.

బావ రెండు రోజులు తన దుకాణం లోంచి చూశాడు. మూడోనాడు కళ్ళజోడు పెట్టుకుని రోడ్డు దాటాడు. షోకేసు అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత గుమ్మంలోకి వచ్చి, నేల చూస్తూ, "ఒక కాపీ ఇయ్యి" అన్నాడు.

"ఇస్త బావా. ఒక్క మాట చెప్పున్రి. ఎవలు తీసిన్రు?"

"నువ్వే తీసినవ్. ఎదురుంగ కనవడ్తలేదా?"

"ఇది కాదు. సన్మానం నాడు గోడ మీద పెట్టిన్రు, అయి."

లోపల నలుగురు ఆడవాళ్ళు పిల్లలతో కూర్చుని ఉన్నారు. వాళ్ళు గుమ్మం వైపు తిరిగారు. బావ గుమ్మం చెక్క పట్టుకుని నిలబడ్డాడు. నేను ఆగాను. ఆయన కాపీ మాట మళ్ళీ ఎత్తకుండా చెప్పులు తొడుక్కుని, టాంగాలు ఆగేదాకా చూసి, రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.

మర్నాడు యారాలి ఫోటోను షోకేసు మధ్యకు జరిపి, సరిగ్గా ఆయన కుర్చీకి ఎదురుగా ఉండేట్టు పెట్టాను.